నాలుగు టైర్ల గాలి

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల. ఈ మూడు ఊళ్ల మధ్య నేను అతికించింది ఊడిందని చెప్పిన మనిషి ఇంతవరకూ పుట్టలేదు. నలభై రెండేళ్లు టైర్లకు రబ్బరు కట్టాను, ట్యూబులకు అతుకులు వేశాను. నా అతుకు పడిన లారీ ఒకటి కాశ్మీరు దాకా పోయి వచ్చింది. తర్వాత దాని డ్రైవరు కాలం చేశాడు, లారీని తుక్కు కింద అమ్మేశారు. ఆ ట్యూబు మాత్రం పెద్దముడియం దగ్గర ఒక రైతు బావిలో పిల్లలకు ఈత నేర్పుతూ ఇంకా బతికే ఉంది. నమ్మకపోతే పోయి చూసుకోండి. రైతు పేరు మాత్రం అడగొద్దు.

నా పేరు ప్రభుదాసు. వయసు డెబ్బై మూడు. చదువు మా పల్లె మిషను బడిలో ఐదో తరగతి. షాపు మూసేశాక ఊరికే కూర్చోలేక, పోయిన మోటారు సైకిళ్లు, ట్రాక్టర్లు వెతికి పెట్టడం మొదలుపెట్టాను. మట్టిలో టైరు ముద్ర చూస్తే అది ఏ బండో, ఎంత బరువు మోసిందో చెప్పగలను. పదింటిలో ఆరు దొరికేవి. నేను తొమ్మిదని చెబుతుంటాను. అట్లా జనం నాకు డిటెక్టివు తాత అని పేరు పెట్టారు.

మే నెల ఆదివారం. పొద్దున ఎనిమిది గంటలు. ఆరాధనకు పోవడానికి తెల్ల చొక్కా తొడుక్కుంటుండగా వాకిట్లో ఆటో ఆగింది. పులివెందులలో టీచరుగా పనిచేసే కృష్ణకుమారి దిగింది. నిన్నటి నుంచి నిద్ర లేని కళ్లు. చెప్పులు కూడా వేరు వేరు జతలవి.

"అన్నా, సంహిత కనపళ్లేదు."

సంహిత ఆమె ఒక్కగానొక్క కూతురు. ఇరవై తొమ్మిదేళ్లది. ఒంటరిగా జీపు తోలుకుంటూ రాళ్ల దారుల్లో, వాగుల్లో పోయి, గుడారం వేసుకుని పడుకుని వచ్చే పిల్ల. మూడు రోజుల కిందట, గురువారం, అదే జీపు మా వాకిట్లో ఆగింది. టైర్లు ఒకసారి చూడు తాతా అంది.

చూశాను. బాగున్నాయన్నాను. అప్పుడు ఆ పిల్ల నాకే పాఠం చెప్పింది. రాళ్లలోకి, ఇసుకలోకి దిగే ముందు టైర్లలో గాలి తీసేసి పద్దెనిమిది పాయింట్లకు తెస్తుందట. టైరు మెత్తబడి నేలను పట్టుకుంటుందట. మళ్లీ తారు రోడ్డు ఎక్కేటప్పుడు ముప్పై రెండుకు కొట్టుకుంటుందట. అందుకు జీపు వెనక చిన్న గాలి మిషను కూడా పెట్టుకుంది. నేను ఎగతాళి చేశాను.

"లోకమంతా దుడ్లిచ్చి గాలి పట్టిచ్చుకుంటాంటే నువ్వు తీసేస్తానంటావేందే?"

నవ్వింది. మెడలో వేలాడుతున్న నారింజ రంగు ఈల చూపించింది. "ఆపదొస్తే మూడుసార్లు ఊదతా తాతా. గాలి నాకాడ శానా ఉండాది."

అంతటితో ఆగి ఉంటే బాగుండేది. నా నోరు ఆగదు. ఎర్రమల కొండల్లో మూసేసిన నాపరాయి గనుల పైన ఒక దొన ఉందని, ఎంత ఎండలోనూ అందులో చల్లటి నీళ్లు ఊరుతుంటాయని, మా నాయన అక్కడ ఒక చిరుతతో పాటు నీళ్లు తాగాడని చెప్పాను. ఆ పిల్ల కళ్లు మెరిశాయి. ఇరవై లీటర్ల నీళ్ల క్యాను దించి మా అరుగు మీద పెట్టేసింది. "నీళ్లు ఆడనే ఉంటే ఇంత బరువు ఏంటికి తాతా?" రెండు సీసాలు మాత్రం ఉంచుకుంది.

దొనా లేదు, చిరుతా లేదు. మా నాయన జీవితమంతా కొండ ఎక్కలేదు.

ఆ క్యాను ఇప్పటికీ అరుగు మీదే ఉంది. కృష్ణకుమారి దాన్ని గుర్తుపట్టి చేత్తో తడిమింది. ఆటోలో కూర్చున్నాక నిజం చెప్పేశాను. ఆమె నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "అయితే ఆ పిల్లకాడ రెండు సీసాలే ఉండాయా అన్నా?" అని మాత్రం అడిగింది. తిట్టి ఉంటే బాగుండేది.

దారిలో సంగతులు గంటల లెక్కన చెప్పించుకున్నాను. శుక్రవారం సాయంత్రం ఆరూ నలభైకి ఆఖరి మెసేజి వచ్చింది: గుడారం వేశా, టీ పెట్టుకుంటాండా. శనివారం పొద్దున ఆరూ పదికి మైలవరం జలాశయం గట్టు మీద ఖాళీ జీపు ఉందని ఎవరో పోలీసులకు ఫోను చేశారు. శనివారమంతా పుట్టీల మీద నీళ్లు గాలించారు. ఏమీ దొరకలేదు. బడిలో తోటి టీచర్లు చందాలేసుకుని కడప నుంచి విష్ణువర్ధన్ అనే ప్రైవేటు డిటెక్టివును పిలిపించారు.

శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం పొద్దుటికి ముప్పై తొమ్మిది గంటలు. రెండు సీసాల నీళ్లు. బయట నిప్పులు చెరిగే ఎండ. వేళ్ల మీద లెక్కపెట్టాను. పొడుం డబ్బా తీసి ఒక పట్టు పీల్చాను. భయమేసినప్పుడు నాకు అదే మందు.

తొమ్మిదీ నలభైకి గట్టు చేరాం. విష్ణువర్ధన్ నల్ల కళ్లద్దాలు పెట్టుకుని, డ్రోను ఎగరేస్తున్న మనిషి పక్కన నిలబడి ఉన్నాడు. ఇస్త్రీ చొక్కా. మెడకు చెమట కూడా పట్టలేదు.

"ఎవరమ్మా ఈ పెద్దాయన?"

"ప్రభుదాసన్న, సార్. టైర్లు..."

"పంచర్ పడిందా ఏంది?" అని చుట్టూ ఉన్నవాళ్ల వైపు చూసి నవ్వాడు. "చూడండి పెద్దాయనా, ఇది తేలిపోయిన కేసు. అమ్మాయి చీకట్లో దారి తప్పి ఈడికొచ్చింది. నీళ్లు చూసి దిగింది. జారింది. రేపటికి తేలుతుంది."

కృష్ణకుమారి నా చెయ్యి పట్టుకుంది. గోళ్లు దిగాయి.

నేను జీపు దగ్గరికి పోయాను. కాపలా ఉన్న కానిస్టేబులు అడ్డం చెప్పలేదు. ముసలివాడికి ఇదొక ముచ్చట అనుకుని ఉంటాడు. తాళంచెవి బండికే ఉంది. జేబులోంచి గాలి కొలిచే గేజీ తీసి ముందు కుడి టైరుకు పెట్టాను. నలభై. ఎడమది నలభై. వెనకవి రెండూ నలభయ్యే.

గేజీ తుడిచి ఇంకోసారి పెట్టి చూశాను, నలభయ్యే.

జీపు వెనక తలుపు తీశాను. సంహిత గాలి మిషను మూలన ఉంది. దాని వైరు చుట్టి ఎర్ర రిబ్బనుతో ముడి వేసి ఉంది. ఆ ముడి మీద కొండ దారి దుమ్ము మందంగా పేరుకుంది. దాన్ని ఎవరూ విప్పలేదు. కిందికి వంగి చూస్తే వెనక చక్రానికి ఆనించి నాపరాయి ముక్క ఒకటి. గట్టు మీద అది చదును నేల. పైగా జీపుకు హ్యాండ్ బ్రేకు లాగే ఉంది. ఆఖరున డ్రైవరు సీటు వైపు తల పెట్టి చూశాను. ముందు అద్దం మీద, వెనక చూపు అద్దం కింద, నల్లటి గుండ్రటి కెమెరా ఒకటి అతికించి ఉంది. రూపాయి బిళ్ల కన్నా కాస్త పెద్దది. విష్ణువర్ధన్ అంతటి తెలివైనవాడు దాన్ని చూడనే లేదు.

"ఈ జీపు ఈడికి పాప తోలుకు రాలేదు," అన్నాను.

విష్ణువర్ధన్ కళ్లద్దాలు తీశాడు. "మరి అదే నడిచొచ్చిందా?"

"రోడ్డు దిగినంక ఈ గట్టు దాకా రెండు కిలోమీటర్లు ఇసుక. ఆ పాప అయితే గాలి పద్దెనిమిదికి దించుతాది. తారు మీద ముప్పై రెండు. నలభై ఎప్పుడూ పట్టదు. ఎవురో మెత్తటి టైర్లు చూసి నాలుగూ పంచరైనాయనుకున్యారు. యాడనో గాలి కొట్టిచ్చినారు. చక్రానికి ఆ రాయి సూస్తే మన పక్క మనిషి, పెద్ద బండ్లు తోలే మనిషి."

"గాలిని చూసి మనిషిని చెప్తావా? పేరు కూడా చెప్పేయ్, పోయి పట్టుకొస్తా." మళ్లీ నవ్వు. "పెద్దాయనా, ఫోను సిగ్నలు ఈడనే ఆగింది. నేను నమ్మేది సిగ్నలును, సిద్ధాంతాలను కాదు. తల్లి ప్రాణంతో ఆడుకోవద్దు."

"ఫోను కూడా జీపులోనే వచ్చింటాది సార్. బండి తోలినోడే నీళ్లలో ఏసింటాడు."

"డ్రోను పైకి పోనీ," అని వాళ్ల మనిషితో చెప్పి నాకు వీపు తిప్పాడు.

పదీ ఇరవై. నలభై గంటలు కావస్తోంది. తెల్లవారుజామున తెరిచే పంచర్ షాపు ఆ చుట్టుపక్కల ఒకటే. పెద్దముడియం దారి చీలే చోట ఈశ్వరమ్మది. నా దగ్గరే పని నేర్చుకున్న మనిషి. ఆటో అటు తిప్పించాం.

ఈశ్వరమ్మ లారీ టైరు ఊడదీస్తోంది. చేతిలో గడ్డపార అట్లాగే ఉంది.

"శనివారం తెల్లారి జీపుకేమన్నా గాలి పట్టినావామ్మే? ఆకుపచ్చది."

"పట్టినా మామా. నాలుగు టైర్లూ కూచోనుండె. నాలుగూ ఒక్కసారే పంచరైతాయా అని నేనే నవ్వినా. ఒక్క ముల్లు ల్యా, మేకు ల్యా. నలభై కొట్టమన్యాడు."

"ఎన్నింటికి?"

"పాల వ్యాను పోయినంక. ఐదూ ఇరవై అయ్యింటాది."

"మొగం సూసినావా?"

"తువ్వాల సుట్టుకోనుండె. కండ్లు మాత్రం కనపడ్య. బో భయంగా ఉండె మామా వాని కండ్లు. మా సొట్ట కుక్క అరిచినా ఎగిరి పడతాండె." ఆమె గడ్డపార కింద పెట్టింది. "ఒకటి మాత్రం యాదుండాది. దిగంగానే రాయి ఎతుక్కోని ఎనక చక్రానికి పెట్టినాడు. ఈ చదును నేల మీద! జీపుకు బ్రేకు ల్యాదా అన్యా. అలవాటు అన్యాడు."

బ్రేకులు పట్టని పాత ట్రాక్టర్ల మీద బతికినవాళ్లకు ఆ అలవాటు ఎముకల్లోకి దిగుతుంది. గనుల్లో రాళ్లు మోసే ట్రాక్టర్లకు బ్రేకు ఉందంటే అది పేరుకే. బండి దిగితే ముందు రాయి, తర్వాతే బీడీ.

"ఆ జీపు యాడ నుంచి వచ్చింది?"

"గనుల పక్క నుంచే మామా."

బయలుదేరుతూ పాత అలవాటు కొద్దీ బల్ల మీదున్న, అతుకులు అంటించే సొల్యూషన్ ట్యూబు ఒకటి జేబులో వేసుకున్నాను. ఈశ్వరమ్మ చూసి కూడా ఊరుకుంది.

పదకొండూ పదికి మళ్లీ గట్టు మీద ఉన్నాం. ఆటో దిగీ దిగగానే ఆగిపోయాను. అక్కడ ఏడు బండ్లు ఉన్నాయి. పోలీసు జీపు, అంబులెన్సు, చేపలవాళ్ల మినీ లారీ, టీచర్ల కార్లు మూడు, విష్ణువర్ధన్ బాడుగకు తీసుకున్న తెల్ల కారు. ఏడింటి చక్రాలూ చూశాను. ఆరింటికి ఏమీ లేదు.

తెల్ల కారు వెనక చక్రానికి రాయి ఉంది.

కృష్ణకుమారిని అడిగితే చెప్పింది, ఆ కారు తోలేది ఓబులేసు. గనుల పక్క పల్లెవాడు. ముప్పై ఐదేళ్లుంటాయి. జీపు కనిపించిందని శనివారం ఆరూ పదికి ఫోను చేసినవాడు వీడే. తలుపు కూడా ముట్టలేదని పోలీసులకు చెప్పాడు. ఈ చుట్టుపక్కల దారులు బాగా తెలుసునని విష్ణువర్ధనే వీణ్ని డ్రైవరుగా పెట్టుకున్నాడు. అంటే ఈ వెతుకులాటలో వేసిన ప్రతి అడుగూ ముందుగా వీడికి తెలుస్తోంది.

నేను విష్ణువర్ధన్ చెవిలో చెప్పాను. ఆయన చెవి వెనక్కి తీసుకున్నాడు. "రాయి పెట్టుకున్నోళ్లందరినీ అరెస్టు చేయిస్తే జిల్లాలో డ్రైవరు మిగలడు పెద్దాయనా." అప్పుడే నీళ్లలోంచి ఎవరో కేక వేశారు. ఎర్ర గుడ్డ దొరికిందట. విష్ణువర్ధన్ పరుగెత్తాడు. కానిస్టేబులు పరుగెత్తాడు. గట్టు మీద జనమంతా అటే పరుగెత్తారు.

కృష్ణకుమారి కూడా కదిలింది. రెండు చేతులా పట్టి ఆపాను.

"నువ్వు పోవద్దు మ్మా. ఫోను తీసి మొగం ముందర పెట్టుకో. నేనేమన్నా ఊ అను. ఏడవద్దు."

ఓబులేసు వంగి చక్రం కింద రాయి తీస్తున్నాడు. వెళ్లిపోతున్నాడు. వాణ్ని పోలీసులకు పట్టిస్తే నోరు తెరిచేసరికి సాయంత్రమవుతుంది. రెండు సీసాల నీళ్లకు సాయంత్రం దాకా గడువు లేదు. నవ్వు మొహం పెట్టుకుని పోయాను.

"అప్పా ఓబులేసూ, ఆ జీపులో కెమెరా ఉండాది సూసినావా? బండి కదిలితే సాలు, లోపల కూచున్నోని బొమ్మ పాపోళ్లమ్మ ఫోనుకు పోతాదంట. ఆయమ్మకు ఇప్పుడే తెలిసింది. సూస్తాండాది సూడు."

వాడు జీపు వైపు చూశాడు. అద్దం మీద నల్లటి చుక్క కనిపించింది. మొహంలో నెత్తురు ఇంకిపోయింది.

"ఆ పొద్దు... నాకు కనపళ్లేదే!"

అన్నాక గానీ ఏమన్నాడో వాడికి అర్థం కాలేదు. తలుపు కూడా ముట్టనివాడికి లోపల ఏం కనపడాలి?

కృష్ణకుమారి ఫోను పట్టుకునే వాడి ముందుకొచ్చింది. "నేనెవురికీ సూపలేదప్పా. సూపను. నా బిడ్డను సూపియ్. నువ్వే కాపాడినావని నా నోటితో చెప్తా."

వాడి పెదవులు కదిలాయి. "నేనేం చెయ్యలేదు మ్మా. ఆ పాపే..."

"బతికుండాదా?"

"ఈ పొద్దున దాకా ఈల ఇనపడ్య."

ఆమె నా భుజం గట్టిగా పట్టుకుంది.

"ఈ జీపులోనే పోదాం పా," అన్నాను. "నువ్వు తోలు. నేను పక్కన కూచుంటా. కెమెరా సూస్తాంటాది, ఆయమ్మ సూస్తాంటాది. నువ్వే పోయి తీసుకొచ్చినట్ల అందురికీ తెలుస్తాది." తర్వాత ఆమె వైపు తిరిగి, "పోలీసాయన రాంగానే మూసేసిన గనుల పక్కకు పంపియ్," అన్నాను.

జీపు కదిలింది. పదకొండూ ఇరవై ఐదు.

తారు రోడ్డు దాటి గనుల దారి పట్టాక వాడు నోరు విప్పాడు. ఆ తర్వాత ఆపితే ఆగలేదు. మూసేసిన గనిలోంచి రాత్రిళ్లు నాపరాళ్లు ఎత్తి అమ్ముకునేవాడట. శుక్రవారం ట్రాక్టరు తీసుకుపోతే గని అంచున గుడారం. పిల్ల ఫోను ఎత్తి ఫొటో తీసింది. వీడు లాక్కోబోయాడు. ఆమె వెనక్కి అడుగులు వేసింది. వెనక గని.

"సచ్చిపోయిందనుకున్యా మామా. బండి గట్టు మీద పెడితే నీళ్లలో పడిందనుకుంటారని... ఫోను చేసినంక మళ్లీ పోయి సూస్తే లోపల్నించి ఈల. నా మొగం సూసింది. యాడ తీసేది?"

"నీళ్లన్నా ఏసినావా?"

వాడు గేరు మార్చాడు. కొండ వైపు చూశాడు. "ఆడ దొన ఉందనుకోని వచ్చినాదంట. ఎవుడో ముసిలోడు చెప్పినాడంట. మీదనుంచి నేను పలకరిస్తే అదే అరస్తాండె, దొన యాడా అని."

నేను కిటికీ వైపు మొహం తిప్పుకున్నాను.

రాళ్ల దారి మొదలైంది. నలభై గాలితో ఉన్న టైర్లు రాయి మీద రాయిలా ఎగిరి పడుతున్నాయి. సంహిత చెప్పింది నిజమే. పద్దెనిమిదికి దించి ఉంటే జీపు పరుపు మీద పోయినట్టు పోయేది. దిగి గాలి తీద్దామంటే భయం. ఆగితే వాడికి ఆలోచించే తీరిక దొరుకుతుంది. నేను అద్దం వైపు చూడకూడదని ఎంత అనుకున్నా కళ్లు అటే పోతున్నాయి. ఎండ నేరుగా ఆ అద్దం మీదే కొడుతోంది. చొక్కా జేబులో పొడుం ఒలికి ముక్కు దురద పెడుతోంది. తుమ్మితే ఎక్కడ ఏం కదులుతుందోనని ఊపిరి బిగబట్టాను.

గని అంచు కనిపించింది. ఇంకో యాభై గజాలు. ముందు చక్రం పెద్ద రాయి ఎక్కి దిగింది.

టక్.

కెమెరా ఊడి డాష్‌బోర్డు మీద పడింది. దొర్లింది. గేరు రాడ్డు పక్కన వెల్లకిలా ఆగింది. లోపల అద్దమూ లేదు, వైరూ లేదు. గోధుమ రంగు పొడి అంటుకుని ఉంది.

ఈ కథ మొదట్లో నేనేమన్నాను? నా అతుకు ఊడిందని చెప్పిన మనిషి పుట్టలేదన్నాను కదా. పుట్టాడు. పేరు ఓబులేసు. నా పక్కనే కూర్చుని ఉన్నాడు. ఎండకు సొల్యూషన్ కరుగుతుందని నలభై రెండేళ్లుగా ఊరందరికీ చెప్పినవాణ్ని నేనే. కాశ్మీరు లారీ సంగతి కూడా ఇక మీరు మర్చిపోవచ్చు.

వాడు ఆ మూతను చూశాడు. నన్ను చూశాడు. నెమ్మదిగా ఇంజను ఆపేశాడు. చెయ్యి సీటు కిందికి పోయింది. అక్కడ జాకీ రాడ్డు ఉంటుందని నాకు తెలుసు.

ఇంజను ఆగిపోవడం వల్లే వినిపించింది.

గని లోపల్నించి ఈల. సన్నగా, గాలి అయిపోతున్న ట్యూబులాగా. మూడుసార్లు. కాసేపు ఏమీ లేదు. మళ్లీ మూడుసార్లు.

ఓబులేసు చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఆ క్షణంలో నా చెయ్యి చొక్కా జేబులోకి పోయింది. అక్కడ మూత లేని డబ్బా, వాడి కళ్లల్లో కొట్టడానికి గుప్పెడు నిండా పొడుం ఉన్నాయి.

ఇక ఒప్పుకోవాల్సింది ఒకటుంది. పొద్దున జీపు తనిఖీ చేసినప్పుడు అద్దం మీద కెమెరా చూశానని పైన రాశాను. అది నేను కల్పించాను. అప్పుడక్కడ ఉత్త అద్దమే ఉంది. అందరూ ఎర్ర గుడ్డ కోసం పరుగెత్తినప్పుడు నా పొడుం డబ్బా మూతను సొల్యూషనుతో అతికించాను. పాపం విష్ణువర్ధన్ చూడలేదని ఎగతాళి చేశాను గానీ, చూడటానికి అక్కడేమీ లేదు. ఓబులేసు ఒక్కడే కాదు, మీరూ నమ్మారు.

ఈల మాత్రం నేను కల్పించలేదు.